తెర అవతలి వయొలిన్

మూడు సంగీత కళాశాలలు చేతులు కలిపాయి. పై చదువుకు ఉమ్మడి పరీక్ష పెట్టారు, వయొలిన్‌కు ఒక్కటే సీటు. అభ్యర్థులను తెర వెనుక కూర్చోబెట్టి, పేర్లు తీసేసి అంకెలిచ్చారు. వాయిస్తున్నది తమ శిష్యులేనని గుర్తుపట్టిన పరీక్షకులు పెన్సిల్ కింద పెట్టేయాలి, మార్కులు వేయకూడదు. ముగ్గురు పరీక్షకుల్లో ఒకరిగా పట్టుబట్టి ఆ నియమం రాయించింది నేనే. నా నిజాయితీ అంటే నాకంత మురిపెం.

ఆ ఏడాది నా శిష్యురాలు మా అన్నయ్య కూతురు. వయోపరిమితి ప్రకారం దానికి అదే ఆఖరి అవకాశం. వారం ముందు కూర్చోబెట్టి చెప్పాను.

"స్వరం మార్చే ముందు కమాను కాస్త ఎత్తి వేస్తావే, అది నా అలవాటు. మిగతా ఇద్దరు పరీక్షకులకీ నచ్చదు. మానెయ్."

"పదేళ్ల అలవాటు వారంలో పోతుందా అత్తా?"

"పోవాలి," అన్నాను, పోదని తెలిసే.

పరీక్షలో మూడో అంకె మొదలుపెట్టగానే కమాను ఎత్తిన ఆ విరుపు వినిపించింది. చెబితే వినదు కదా మొండిఘటం అని లోపలే తిట్టుకుని పెన్సిల్ కింద పెట్టేశాను. ఇక బెంగ తీరింది. ఐదో అంకె వచ్చేసరికి కమాను కొయ్యబారిపోయినట్టు వినిపించింది. ముప్పై మార్కులేసి, 'ఈ చేతికి పై చదువు దండగ' అని రాశాను. నా నోటికే కాదు, పెన్సిల్‌కీ అదుపు లేదు.

సీటు మూడో అంకెకే వచ్చింది. ఆ పిల్ల మరో కళాశాలది, నేనెన్నడూ చూడలేదు. నవ్వుతూ నా దగ్గరికొచ్చింది.

"మీ చలవే మేడమ్. కళాశాలల ఒప్పందం ప్రకారం మీ పాఠాల వీడియోలు మాకూ పంపారుగా. రెండేళ్లుగా వాటిని చూసే సాధన చేశాను."

ఐదో అంకె ఎవరిదో అప్పుడు అర్థమై పరుగెత్తాను.

సాధన గదిలో మేనకోడలు మార్కుల కాగితం పట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"మిగతా ఇద్దరూ ఎనభై పైనే వేశారత్తా. ఈ రాత నీదే."

"నువ్వని తెలియదే తల్లీ! తెలిస్తే పెన్సిల్ పెట్టేసేదాన్ని."

"తెలిసినప్పుడల్లా మెచ్చుకున్నావు. తెలియకుండా విన్నది ఈ ఒక్కసారే. మరి ఇదే నిజమా?"

కాదు అనాలి. ఆ ఒక్క మాట కోసమే అది నా మొహంలోకి చూస్తోంది. కానీ నేను విన్నది విన్నాను, రాసింది మనస్ఫూర్తిగానే రాశాను. చూపు కాగితం మీదికి దించుకున్నాను.

అది లేచి, వయొలిన్ పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచు," అని వెళ్లిపోయింది.