బొల్లికి కట్టిన సంచి

నాలుగో గోనెసంచి మూతి పురికొసతో బిగించి కట్టాను. మూడింటిలో నరికిన వరిగడ్డి, ఈ నాలుగోదాంట్లో తవుడూ పత్తిచెక్కా కలిపిన దాణా. ముడి ఊడిపోతుందేమోనని మళ్ళీ లాగి చూశాను. మా ఆయన వెంకటరామారావు అరుగు మీద నుంచి నవ్వాడు.

"ఏందే రత్నం, ఆవుకి సారె కడుతున్నావా?"

బొల్లిని అమ్మేసిన సంగతి ఆ మధ్యాహ్నమే మజ్జిగన్నం తింటూ చెప్పాడు. "పాల ప్యాకెట్లు గుమ్మంలోకే వస్తున్నాయి, ఇంక ఈ పేడ మనకెందుకు? పినపాక దగ్గర ముత్తక్కంట, తీసుకుంటది. రేపు ట్రాలీ వస్తది." బొల్లి నా చేతుల్లో పుట్టింది. ఏడేళ్ళు దాని పేడ ఎత్తింది నేనొక్కదాన్నే. అయినా ఆయన 'మనకెందుకు' అన్నాడు.

నాకు పట్టుకున్న భయం వేరు. అక్కడ అడవి అంచు, వానాకాలం, మోకాలెత్తు పచ్చగడ్డి. ఎండుగడ్డికి అలవాటుపడ్డ ఆవుని తీసుకెళ్ళి దాంట్లో వదిలితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసిన తీరు కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో గంగాళాల కొద్దీ అన్నం మిగిలింది. పారబొయ్యడమెందుకు, గోవు తింటే పుణ్యమని మా ఆయన మొత్తం తెచ్చి బొల్లి తొట్లో కుమ్మరించాడు. వద్దంటే, "చుట్టాల ముందు నోరెత్తకు" అన్నాడు. తెల్లారేసరికి బొల్లి నెమరు మానేసింది. పూటకు మూడు లీటర్లిచ్చే ఆవు గ్లాసుడు కూడా ఇవ్వలేదు. పశువుల డాక్టరు వచ్చి ఎవరు పెట్టారని అడిగితే, ఆయన నా వైపు చూసి, "ఆడవాళ్ళ పని సార్, ఎంత చెప్పినా వినరు" అన్నాడు. ఆ తిట్లన్నీ తలొంచుకుని నేను తిన్నాను. పోతూ పోతూ డాక్టరు నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టాడు. "ఎవరితోనన్నా చదివించుకోమ్మా."

నేను దాణా సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. నాలుగు రోజుల్లో ఆ పుస్తకం చదివేశాను. ఆవు పెద్దపొట్టలో కంటికి కనపడని జీవాలుంటాయట. మేతని అరిగించేది అవేనట. గడ్డిని అరిగించేవి వేరు, గింజని అరిగించేవి వేరు. మేత ఒక్కసారిగా మారిస్తే పాతవి చచ్చిపోతాయి, కొత్తవి పెరిగేలోపు పొట్ట పులుస్తుంది లేదా ఉబ్బుతుంది, పాలు ఎండిపోతాయి. అందుకని పది పన్నెండు రోజులు పాతమేతలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ పోవాలి. ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అన్నిసార్లూ బొల్లి కోసం కాదు.

పద్నాలుగేళ్ళప్పుడు పినపాక వైపు నుంచే నేను వైరా కోడలిగా వచ్చాను. మా అమ్మ చిన్న సంచిలో జొన్నపిండి కట్టింది. "కొత్త చోటు. అన్నంతోపాటు రోజుకో రొట్టె చేసుకో తల్లీ. పదోరోజుకి నేనొచ్చి చూస్తా." మా అత్తగారు ఆ సంచి లాక్కుని కుడితిలో ఒంపేసింది. "మా ఇంట్లో ఇది గొడ్లు తింటయ్" అంది. ఏడాది పాటు కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే, "జొన్నల కడుపుకి సన్నన్నం అరుగుద్దా" అని అందరూ నవ్వేవాళ్ళు. పదోరోజుకి అమ్మ రాలేదు. జ్వరంతో పోయిందని కబురొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ట్రాలీ వచ్చింది. బొల్లిని ఎక్కించాక, ఏ రోజు ఎంత కలపాలో డ్రైవర్ జంపయ్యకి రెండుసార్లు చెప్పాను. మూడోసారి మొదలుపెడితే చేతులు జోడించాడు.

"గింత చెప్తే నాకు యాదుండదు తల్లీ. నువ్వే వచ్చి చెప్పరాదు?"

మా ఆయన మళ్ళీ నవ్వాడు. నేను ట్రాలీ ఎక్కి జంపయ్య పక్కన కూర్చున్నాను. అప్పుడు లేచాడాయన.

"ఎక్కడికే? నాకు వండిపెట్టేదెవరు?"

"పది రోజులు. బియ్యం డబ్బాలో ఉన్నాయి" అన్నాను.

సాయంత్రానికి చేరాం. ముత్తక్క ఒంటరి మనిషి, నలభై ఏళ్ళుంటాయి. సంచులు దింపుతూ, "అన్నీ ఆవుకే తెచ్చినవ్, నీ సంచి ఏది పెద్దమ్మా?" అంది. నాకోసం ఏమీ సర్దుకోలేదని అప్పుడు తెలిసింది నాకు. తన చీర ఇచ్చింది. పొయ్యి ముందు కూర్చుని అడిగింది:

"నీకేది పడుతది? అన్నమా, జొన్నరొట్టెనా? కొత్త చోటు గద, జరంత జరంత తిను."

యాభై ఏళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. రొట్టె, అని వేలితో చూపించాను.

దాణా సంచిలో పెట్టి తెచ్చిన డాక్టరు పుస్తకం ముత్తక్కకి చదివి చెబుతూ, మొదటి రెండు రోజులు బొల్లికి మా గడ్డే వేశాం. తర్వాత పచ్చగడ్డి కోసి, ఒకపూట ఆరబెట్టి, పిడికెడు, ఆ పైన దోసెడు కలిపాం. పాలు కొంచెం తగ్గితే ఆ రోజు పచ్చగడ్డి పెంచలేదు. ఎనిమిదో రోజుకి కోలుకుంది. పదకొండో రోజు పొద్దున బొల్లి తీరిగ్గా నెమరేస్తోంది. పూటకు మూడు లీటర్లూ నిండాయి.

ఆ పొద్దున్నే జంపయ్య వచ్చాడు. "పది రోజులైంది, ఇంక చాలు రమ్మన్నడు సారు."

ముత్తక్క పాలచెంబు కింద పెట్టింది. "మా ఆడోళ్ళ సంఘంల ఇంకా నలుగురు ఆవులు తెస్తున్నరు. గా పుస్తకం వాళ్ళకెవరు చదివి చెప్తరు పెద్దమ్మా?"

నేను ఖాళీ గోనెసంచులు నాలుగూ దులిపి, మడతపెట్టి, జంపయ్య చేతికిచ్చాను. "ఇవి ఆయనవి, ఇచ్చెయ్యి" అన్నాను.

బొల్లి వైరాకి తిరిగి పోలేదు. నేనూ పోలేదు. ఆ ఇంటి గుమ్మం నేను దిగింది 2006 జూలై ముప్పై ఒకటి, సోమవారం.