కాక కట్టిన ఊరు

ఆ పాత గేమ్ డబ్బాను తెచ్చింది డ్రైవర్ జలాలుద్దీన్. దోహాలో ఏదో విల్లా ఖాళీ చేయిస్తుంటే, పారేయమన్న సామానులో దొరికిందట. రెండు రిమోట్లు, ఒకే ఒక్క క్యాసెట్. బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో తమ గది టీవీకి తగిలించి చూస్తే పనిచేసింది. "నాకు గీ ఆటలు రావు, మీరే ఆడుకోండ్రి" అని అదే గదిలో ఉండే భూమేష్‌కూ నర్సింలుకూ అప్పజెప్పాడు.

ఆ ఇద్దరిదీ జగిత్యాల దగ్గర ఒకే ఊరు. భూమేష్‌కు ముప్పై దాటలేదు; సైట్లో స్కాఫోల్డింగ్, అంటే పరంజా కట్టే పని. యాభై దాటిన నర్సింలు అతని కింద హెల్పరు. చుట్టరికం లేకపోయినా భూమేష్ అతన్ని కాకా అనే పిలుస్తాడు.

ఆటలో సగం కొట్లాట, సగం కాపురం. ముందు ఒక దేవుడు కత్తి పట్టుకుని భూమ్మీదికి దిగుతాడు. గుంటలు దూకుతూ, అడ్డమొచ్చిన రాక్షసులనల్లా నరుకుతూ కుడివైపుకు సాగిపోవాలి. పెద్ద రాక్షసుడు చచ్చాడంటే ఆ నేలకు పట్టిన పీడ వదిలినట్టు. అక్కడితో ఆట మారిపోతుంది. దేవుడు మబ్బుల్లోకి వెళ్లి కూర్చుంటాడు. కింద బీడు నేల మీద ఇద్దరే ఇద్దరు మనుషులు. బాట ఎటు వెయ్యాలో, ఏ అడవి నరకాలో, వాన ఎక్కడ కురవాలో పైనుంచి చూపించాలి. ఇళ్లు లేస్తాయి, చేలు పండుతాయి, జనం పెరుగుతారు. ఊళ్లో జనం పెరిగితేనే కత్తి పట్టిన దేవుడికి బలం పెరుగుతుంది.

కొట్లాటలో భూమేష్‌ను పట్టుకునేవాడు లేడు. ఊరు కట్టమంటే మాత్రం ఓపిక చాలేది కాదు. అడవి మీద వెయ్యాల్సిన పిడుగు ఇళ్ల మీద వేసేవాడు. చూసి చూసి ఉండబట్టలేక ఒకరోజు నర్సింలు, "ఇటియ్యరా కొడుకా" అని రిమోట్ అందుకున్నాడు. అతనికి ఇంగ్లీషు అక్షరం రాదు. ఆటలో జనం వచ్చి ఏదైనా మొరపెట్టుకుంటే భూమేష్ చదివి చెప్పేవాడు. నర్సింలు గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించి, "ముందుగాల నీళ్లు పారియ్యాలె. బాట ఎనుక చూద్దాం" అనేవాడు. అలా ఒకరు నరకడం, ఒకరు కట్టడం. చలికాలం గడిచేసరికి ఐదు ఊళ్లు కళకళలాడుతున్నాయి. పెళ్లాం గంగాబాయితో ఫోన్లో మాట్లాడినప్పుడల్లా నర్సింలు ఆ ముచ్చటే చెప్పేవాడు. "ఇయ్యాల వంతెన కట్టిన" అనేవాడు, నిజంగానే కట్టినట్టు.

ఈ ఆట సంగతి క్యాంపంతా పాకింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం డబ్బాను హాల్లో పెద్ద టీవీకి తగిలించారు. నేపాలీలు, బెంగాలీలు, మనవాళ్లు గుంపుగా మూగారు. క్యాంపు ఆఫీసరు ఒకాయన కంపెనీ పేజీలో పెట్టడానికి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. భూమేష్ రాక్షసుణ్ణి పడగొట్టగానే హాలు ఈలలతో మోగిపోయింది. తర్వాత ఊళ్లు కనిపించాయి. వరుసగా ఇళ్లు, పచ్చని చేలు, వాగు మీద వంతెన. ఆఫీసరు ఫోన్ దగ్గరగా తెచ్చి, "యే సబ్ తూనే బనాయా?" అనడిగాడు, ఇదంతా నువ్వే కట్టావా అని.

భూమేష్ నోట్లోంచి మాట జారిపోయింది. "హా సార్."

"ఔర్ యే చాచా?" ఆఫీసరు పక్కనే చాయ్ గ్లాసుతో కూర్చున్న నర్సింలు వైపు ఫోన్ తిప్పాడు.

అప్పుడైనా దిద్దుకోవచ్చు. కానీ ఈలలింకా చెవుల్లోనే ఉన్నాయి. "వో తో సిర్ఫ్ దేఖ్తా హై సార్" అన్నాడు భూమేష్, ఊరికే చూస్తుంటాడంతే అని. అంతా నవ్వారు. నర్సింలు కూడా నవ్వాడు. చాయ్ తాగేసి, గ్లాసు కడిగిపెట్టి, గదికి వెళ్లిపోయాడు.

ఆ నవ్వు భూమేష్‌ను వదల్లేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ దాటేశాడు. ఈలోపు వీడియో ఊరికి చేరింది. భార్య రాణి ఫోన్ చేసి, "దుబాయ్‌ల నీకు మస్తు పేరొచ్చిందట గదా!" అని మురిసిపోయింది. తను ఖతర్లో ఉన్నానని ఎప్పుడూ గుర్తుచేసేవాడు, ఈసారి చెయ్యలేదు. పొడి పొడిగా రెండు మాటలాడి పెట్టేశాడు.

ఆ సాయంత్రం గది తలుపు తోయబోతూ ఆగిపోయాడు. లోపల నర్సింలు గంగాబాయితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అవునే, భూమేషే కట్టిండు. నేనెక్కడ కడుత? నాకు సదువస్తదా ఏమన్న? ఊకె చూస్త కూసుండేటోణ్ణి... అగో, నవ్వులాటకు జెప్పిన గంతే."

భూమేష్ తలుపు మీది చెయ్యి తీసేశాడు. మెస్ వెనక్కి పోయి చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాడు డ్యూటీ దిగి బస్సెక్కకముందే, కాకకు చెప్పకుండా గంగాబాయికి ఫోన్ చేశాడు.

"చిన్నమ్మా, ఆ ఊళ్లు కట్టింది కాకనే. నేను వీడియోల అబద్ధం జెప్పిన."

"మరి మీ కాక గట్లెందుకన్నడు?"

"నా ఇజ్జత్ పోతదని."

"భూమేషా, ఆయన పెండ్లైనకాంచి గిది నేను జేసిన అని ఒక్కనాడు గొప్పకు పోలే. గిదొక్కటే జెప్పిండు, పోరగాని లెక్క. నేను వాడకట్టోళ్లను పిలిచి, మా ఆయన కట్టిన ఊరు చూడుండ్రి అని ఆ వీడియో పెట్టిన. అందరు నీ మాట విని మొఖం మీదనే నవ్విండ్రు." అంటూనే ఆమె ఫోన్ పెట్టేసింది.

భూమేష్ గదికి వచ్చేసరికి గంగాబాయి ఫోన్‌తో ఆ కబురు నర్సింలుకు అందనే అందింది. మంచం మీద కూర్చుని బూట్లు విప్పుతూ తలెత్తకుండానే అడిగాడు.

"దానికెందుకు జెప్పినవ్ రా?"

"తప్పు నాదే గద కాకా."

"నీదైతే నువ్వే మోసుకోవాలె. ఆడిదాని నెత్తికెందుకు ఎత్తినవ్? నేను నవ్వులాటకు జెప్పిన అని దాని మనసు ఊరుకుండే. ఇప్పుడు మొగడు నాతోని అబద్ధమాడిండని ఏడుస్తుంది."

తప్పు ఒప్పుకుంటే బరువు దిగుతుందనుకున్నాడు భూమేష్. అది దిగలేదు, ఇంకో మనిషి మీద కూడా పడింది.

తర్వాతి శుక్రవారం హాల్లో ఆట పెట్టగానే భూమేష్ లేచి నిలబడి, హిందీలో అందరికీ వినపడేలా చెప్పాడు. ఈ ఊళ్లన్నీ నర్సింలు కాక కట్టినవని, ఆ రోజు తాను అబద్ధమాడానని. "అచ్ఛా అచ్ఛా, ఖేల్ యార్" అన్నారెవరో, సరేలే ముందు ఆడమన్నట్టు. ఆఫీసరు రాలేదు. ఎవరి ఫోనూ పైకి లేవలేదు. భూమేష్ కూలబడ్డాడు.

వెనక వరసలోంచి నర్సింలు లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. టీవీలో జనం ఏదో మొరపెట్టుకుంటున్నారు.

"ఏమడుగుతుండ్రు? జదువు."

"పంట ఎండిపోతుందట..." భూమేష్ గొణిగాడు.

"గట్టిగ జదువు, వినస్తలేదు" అని నర్సింలు రిమోట్ తీసుకున్నాడు.

ఆ తర్వాత కూడా ఇద్దరూ కలిసే ఆడారు, ఊళ్లు ఇంకా పెరిగాయి. నర్సింలు రోజూ ఇంటికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వానలు పడ్డాయా, బర్రె ఈనిందా అని అడిగేవాడు. ఆట ముచ్చట మాత్రం మళ్లీ ఎత్తలేదు. పక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న భూమేష్, ఎత్తుతాడేమోనని ప్రతిరోజూ చెవులు రిక్కించి వింటూనే ఉండేవాడు.