కాలువ మన్ను

సంచిలో రెండు పంచెలు, ఒక తువ్వాలు, అటుకుల మూట, ఆకులో పొట్లం కట్టిన ఆవకాయ ముద్ద పెట్టింది జానకమ్మ. పెట్టినవే బయటికి తీసి మళ్లీ పెట్టింది. ఎండ ముదరకముందే మొగుణ్ణి పెడన పొలిమేర దాటించాలి. బందరు మీదుగా చల్లపల్లి వెళ్లి, పులిగడ్డ రేవులో పడవెక్కితే అవనిగడ్డలో ఆడపడుచు ఇల్లు. అక్కడ నెల్లాళ్లుంటే కోపాలు చల్లారతాయి. ఇక్కడే ఉంటే ఇవాళ ఎవడి తలో పగులుతుంది. కొట్టుకునే ఇద్దరిలో ఒకడు తాళి కట్టినవాడు, రెండోవాడు తోడబుట్టినవాడు.

జానకమ్మ అన్న కోదండరామయ్య ఊరి చివర నూలుకు రంగులు వేసే కార్ఖానా పెట్టాడు. రంగూను వెళ్లే కైలీ లుంగీలకు పసుపు నూలు అక్కడే తయారయ్యేది. సీసపు ఉప్పు కలిపిన నీళ్లలో ముంచి, ఆ తర్వాత బైక్రోమేటు నీళ్లలో ముంచితే నూలు తంగేడు పువ్వులా తేలేది. ఆ తొట్లలో చేతులు పెట్టేవాళ్ల వేళ్ల సందుల్లో పుళ్లు మానేవి కావు. కొందరికి ముక్కు దూలాలు చిల్లులు పడ్డాయి. తొట్ల అడుగు నీళ్లన్నీ మురుగు కాలువలో కలిసేవి. కాలువ పక్కనే జానకమ్మ మొగుడు వెంకటాద్రి చేను.

ఆ చేలో కింది మడి ఏటేటా గిడసబారి, ఈ ఏడు పొట్టకు రాకముందే మాడిపోయింది. మొన్న ఆ మడి గడ్డి మేసిన చూడి గేదె కళ్లు కనబడక, పళ్లు పటపట కొరుకుతూ, గోడకు తల మోదుకుని మోదుకుని చచ్చింది. గోడ మీద నెత్తురు ఇంకా కడగలేదు. ఆ కోపంలో వెంకటాద్రి మురుగు కాలువకు అడ్డంగా కట్ట వేశాడు. నీళ్లు వెనక్కి తన్ని కార్ఖానాలో నిలిచాయి. నిన్న కట్ట తెంపడానికి వచ్చిన కూలివాడి మోచెయ్యి వెంకటాద్రి కర్ర దెబ్బకు విరిగింది. "రేపు నేనే వస్తున్నా, చేతనైతే ఆపమనండి" అని కోదండరామయ్య కబురు పెట్టాడు.

"సంచి సర్దానండీ, లేవండి," అంది జానకమ్మ.

"మీ అన్న నా కట్ట తెంపుతుంటే నేను మా అక్క చేతి పులుసు జుర్రుకుంటూ కూచోనా?"

"కట్ట మళ్లీ వేసుకోవచ్చు. తల పోతే?"

"ఎవరి తలే? నాదా, మీ అన్నదా? ముందది తేల్చుకో!"

అన్నాడే గాని లేచాడు. సంచి భుజాన వేసుకున్నాడు. జానకమ్మ ఊపిరి పీల్చుకుంది. గుమ్మం దాటుతూ అతను పార అందుకున్నాడు. "చేను ఓసారి చూసి పోతా."

ఆమె వెనకాలే పరుగెత్తింది.

కట్ట దగ్గర కోదండరామయ్య, పలుగులతో ఇద్దరు మనుషులు.

"ఏం బావా, సంచీ గించీ? కాశీకా?"

"ముందు నిన్ను పంపించి వెళ్దామని, బావా."

మొదటివాడు పలుగు ఎత్తాడు. వెంకటాద్రి పార చదునువైపుతో వాడి మూతి మీద కొట్టాడు. పళ్లు రాలి బురదలో పడ్డాయి. రెండోవాడు వెనకనుంచి వీపు మీద ఒక్కటిచ్చాడు. అడ్డం వెళ్లిన జానకమ్మను ఎవరి మోచెయ్యో తోసేసింది. ఆమె కాలువలో పడి, నడుము దాకా పచ్చటి బురదలో దిగబడింది.

"ఆగండ్రా! మా చెల్లెల్రా అది!" అని అరిచాడు కోదండరామయ్య. మనుషులు ఆగారు. "వెంకటాద్రీ, కళ్లు పెట్టి చూడు. కాలువ పల్లం, నీ చేను మెరక. వరదల్లో కూడా ఈ నీళ్లు నీ గట్టెక్కలేదు. మరి నా రంగు నీ మడిలోకి ఎలా వచ్చింది? కాళ్లొచ్చి నడిచిందా?"

వెంకటాద్రి కాలువ వైపు చూశాడు.

"నువ్వే మోశావయ్యా! ఏటా ఎండాకాలం కాలువ అడుగు మన్ను తవ్వి, బండ్లకెత్తి, చేతులారా చల్లుకున్నావు!"

కాలువ ఎండగానే పూడిక మన్ను చేలకు తోలుకోవడం ఆ ప్రాంతంలో తాతలనాటి అలవాటు. దాన్ని మించిన ఎరువు లేదంటారు. కార్ఖానా వెనక మన్ను పచ్చగా, బరువుగా ఉండటం చూసి సత్తువ గలదనుకున్నాడు వెంకటాద్రి. పక్క రైతులతో తగువు పడి మరీ అంతా తనే తోలుకున్నాడు. గంపలు నెత్తిన మోసింది జానకమ్మ.

బురదలోంచి తలెత్తి చేను చూసిందామె. కింది మడి మాడి ఉంది. పై మడి కళకళలాడుతోంది. పై మడికి మన్ను చాలలేదు.

"చూస్తూ ఊరుకున్నావా నువ్వు?" అన్నాడు వెంకటాద్రి.

కోదండరామయ్య నవ్వాడు. "తేరగా నా కాలువ బాగవుతుంటే వద్దనడానికి నేనేమన్నా వెర్రివాణ్ణా?"

వెంకటాద్రి పార అతని మెడకీ భుజానికీ మధ్య దిగింది. లాగి మళ్లీ కొట్టాడు. కోదండరామయ్య కట్ట మీదనుంచి దొర్లి చెల్లెలి చేతుల్లో పడ్డాడు. ఆమె చీర కొంగు గాయానికి అదిమింది. వేళ్ల సందుల్లోంచి నెత్తురు చిమ్మి పచ్చ నీళ్లలో కలిసింది. "జానకీ, దాహం" అన్నాడు. అక్కడ తాగే నీళ్లు లేవు. కట్ట మీద ఆ ఇద్దరూ వెంకటాద్రిని పలుగులతో కుళ్లబొడుస్తున్నారు. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పక్కటెముకలు విరగడం ఆమెకు వినిపించింది.

బతికిన వెంకటాద్రికి యావజ్జీవం వేశారు. జానకమ్మ సంచి ఉతికి, అవే పంచెలు సర్ది, బందరు రైలు స్టేషన్లో అతనికిచ్చింది. పోలీసులు జాలిపడి గుడివాడ దాకా అదే పెట్టెలో కూచోనిచ్చారు. ఆమె దిగుతుంటే, "పై మడికి ఆ మన్ను వెయ్యకు" అన్నాడు.

కోదండరామయ్య బందరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో, బండిలోనే పోయాడు. అది 1936 ఆశ్వయుజమాసం. వెంకటాద్రి 1941 మాఘంలో రాజమండ్రి జైలులో చనిపోయాడు. ఇద్దరూ ఇంటికి తిరిగి రాలేదు.