తూములోకి పోని మురికి

ఈజిప్టులోని ఫుస్తాత్ పట్నంలో నూనె గానుగల సందు చివర ఉన్న స్నానశాలలో బుధవారం ఆడవాళ్ళది. వచ్చినవాళ్ళ ఒళ్ళు రుద్దడం నర్జిస్ పని. ఇరవై ఏళ్ళుగా అదే. ఛీ, ఏం బతుకో! వీపుల మీంచి వత్తులు వత్తులుగా రాలే మురికి, తడి వెంట్రుకలు, గోరింటాకు పిప్పి. మధ్యాహ్నం రొట్టె తుంచబోతే వేళ్ళే కంపు కొట్టేవి.

కష్టపడి తిన్నవాళ్ళ మురికి నీళ్ళతోపాటు తూములోకి పోయేది. ఇంకొకళ్ళ నోరు కొట్టి తిన్నవాళ్ళది మాత్రం పోయేది కాదు. నల్లటి ఉండలై వాళ్ళ వెనకాలే ఇంటిదాకా పాకేది. ఆ స్నానశాల తీరే అంత. మామూలు వాళ్ళు సిగ్గుపడి ఎవరి సొమ్ము వాళ్ళకి ఇచ్చేసేవాళ్ళు. పెద్దింటి ఆడవాళ్ళ ఉండల్ని నర్జిస్ గుడ్డలో మూటగట్టి పొయ్యిలో పడేసేది.

ఆ బుధవారం తన మోచేయి రుద్దుకుంటే మిరియపు గింజంత ఉండ రాలింది. తూములోకి తోసింది. అది దొర్లుకుంటూ వచ్చి మడమకి అతుక్కుంది.

"నేనెవరి సొమ్ము తిన్నానే, నీ మొహం మండా!" అంది నర్జిస్.

అంతలో బజారు అధికారి భార్య జలీలా వచ్చి పాలరాతి అరుగు మీద బోర్లా పడుకుంది. రుద్దుతుంటే ఒక వత్తు నువ్వులనూనె వాసన, ఒకటి జున్ను, ఒకటి ఎండుచేప. తూకం తక్కువుందని బెదిరించి మొగుడు కొట్లలోంచి ఎత్తుకొచ్చినవే అన్నీ.

అప్పుడే దమియానా లోపలికొచ్చింది. జలీలా కొడుక్కి పాలిచ్చేది ఆవిడే. క్రైస్తవ ఆడవాళ్ళు మెళ్ళో కొయ్య సిలువ లేకుండా స్నానానికి రాకూడదని అధికారి కొత్త హుకుం. ఆ బరువుకి ఆవిడ మెడ ఒరుసుకుపోయింది.

"ఏయ్, తొట్టిలో దిగకు! నీ మురికి నీళ్ళు మేం పోసుకోవాలా? థూ!" అంది జలీలా.

"నేను కని ఇవాళ నలభయ్యో రోజు దొరసానమ్మా. ఈ స్నానం కాందే నేను చర్చి గడప తొక్కకూడదు. రేపు మావాడి బాప్తిస్మం. ఒంట్లో బాలేదు, వాడు ఎల్లుండికి ఉంటాడో లేదో."

"ఉంటే ఉంటాడు, పోతే పోతాడు. బయటికి నడు."

నర్జిస్ ఉండబట్టలేక, "పొద్దున మీ బాబు తాగింది ఈవిడ పాలే కదమ్మా?" అంది.

"పాలు వేరు, నీళ్ళు వేరు. నువ్వు నోర్మూసుకుని ఆ ఉండలు మూటగట్టు."

నర్జిస్ చేతిలో గుడ్డ వంక చూసుకుంది. మడమ దగ్గర మిరియపు గింజ ఎక్కణ్ణించి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఇంత రోత ఎవరి ఒళ్ళు రుద్దినా పుట్టలేదు ఆమెకి.

"నేను కట్టను. మీ సొత్తు మీరే పట్టుకెళ్ళండి."

జలీలా తిట్టింది, అరిచింది, చివరికి ముసుగేసుకుని పరుగెత్తింది. ఉండలు బిలబిలమంటూ వెంటపడ్డాయి. బజారు పొడుగునా కొట్లవాళ్ళు ముక్కులెగరేసి వాసన పట్టారు. "ఒరేయ్, ఇది నా జున్నురా!" అని ఒకడు అరిచాడు. ఆ తర్వాత అధికారి బజారు వైపు రాలేదు.

నర్జిస్ దమియానా మెళ్ళో సిలువ తీసి గట్టున పెట్టి, తనే చెయ్యి పట్టి తొట్టిలో దింపింది. వీపు రుద్దితే రాలిన కాస్త మురికీ కిక్కురుమనకుండా తూములోకి పోయింది. మర్నాడు తల్లే బిడ్డని ఎత్తుకుని చర్చిలోకి వెళ్ళింది.

సాయంత్రం నర్జిస్ మడమ చూసుకుంది. మిరియపు గింజ ఆవగింజంత అయింది. ఇంకా పోలేదు.

వచ్చే బుధవారం ఖాజీగారి అత్తగారు వస్తారుగా అనుకుని, మూటలు కట్టే గుడ్డని పొయ్యిలో పడేసింది.