మాత్ర మొక్కు

సామర్లకోటలో బెల్లం వ్యాపారం చేసే చంద్రరావు మాటంటే మాటే. దేవుడి దగ్గరైనా అంతే. తొంభై ఎనిమిదిలో భార్య వీరవేణికి రొమ్ము క్యాన్సరని తెలియగానే, జబ్బు తగ్గితే ఇద్దరం అన్నవరంలో పీటల మీద కూర్చుని వ్రతం చేసుకుంటామని మొక్కేశాడు. కాకినాడలో ఆపరేషనైంది. రేడియేషన్ కరెంటు పెట్టారు. గాయం మానింది. కొండెక్కి వ్రతం చేసొచ్చి వీధంతా ప్రసాదం పంచారు. మొక్కు తీరిపోయింది.

ఆ మర్నాడే పరీక్షకెళ్తే డాక్టర్ సూర్యకళ చీటీ రాసిచ్చింది. రోజుకో మాత్ర. ఐదేళ్లు. జబ్బు తిరగబెట్టకుండా కాపలా, ఒక్కరోజు కూడా మానొద్దంది.

చంద్రరావు ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చాక, "తగ్గిపోయిందని స్వామికి చెప్పేశాం కదే! ఇప్పుడు మళ్లీ మందేంటి? మీ మీద మాకు నమ్మకం లేదండీ అని ఆయన మొహమ్మీద అన్నట్టు కాదూ?" అన్నాడు.

వీరవేణికి ఒళ్లు మండింది. "తిరగబెట్టి నేను పోతే, ఆ స్వామే వచ్చి వండి పెడతాడా మీకు?"

చంద్రరావు లెంపలేసుకున్నాడు. ఆమె అత్తగారు అన్నపూర్ణమ్మ ఇంకో నాలుగేసుకుంది. మాత్రల పెట్టె బీరువాలోకి వెళ్లింది, తాళంచెవి ఆయన మొలతాడుకెక్కింది.

ఏడు రోజులు, ఏడు మాత్రలు పోయాయి. వీరవేణి అరిచింది, ఏడ్చింది, అన్నం మానేసింది. ఏం లాభం! చెడ్డవాడితో దెబ్బలాడి గెలవొచ్చు గానీ, భక్తితో మొండికేసిన మంచివాడితో ఎవరు గెలుస్తారు? ఎనిమిదో రోజు ప్యాసింజరెక్కి ఒక్కతే అన్నవరం వెళ్లింది.

సాయంత్రం వచ్చి ప్రసాదం పొట్లం ఆయన చేతిలో పెట్టింది. "నేనూ మొక్కుకున్నానండి. ఐదేళ్లు రోజుకో మాత్ర మింగుతానని. ధ్వజస్తంభం దగ్గర గట్టిగానే చెప్పాను, నలుగురూ విన్నారు."

మొక్కు తప్పితే ఇంకేమన్నా ఉందా! చంద్రరావు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బీరువా తెరిచాడు.

ఇక మొదలైంది చూడండి భాగోతం. రోజూ తెల్లారకముందే ఆయన తలస్నానం చేసి, మాత్రను తమలపాకులో పెట్టి, దేవుడికి చూపించి ఇచ్చేవాడు. అన్నపూర్ణమ్మ గంట కొట్టేది. అది వీరవేణి గొంతు దిగేదాకా ఇంట్లో ఎవరికీ కాఫీ లేదు. మాత్ర వేడికి ఆమెకు ఒళ్లంతా ఆవిర్లొచ్చి చెమటలు కారిపోతుంటే, "స్వామి అందుకున్నాడే!" అంటూ ఆయన విసనకర్ర పట్టుకుని నిలబడేవాడు. ఆసుపత్రిలో రొమ్ము ఫోటో తీసే మిషనుకు బొట్టు పెట్టబోతే నర్సు ఏసమ్మ కుంకుమ భరిణె లాక్కుంది. పక్కింటి వెంకటదుర్గైతే కొడుకు టెన్త్ పాసవ్వాలని, చిన్న ముక్కైనా విరిచి పెట్టమని గుమ్మంలో కూర్చుంది. ఆవిణ్ణి లేపేసరికి వీరవేణికి తలప్రాణం తోకకొచ్చింది.

ఐదేళ్లు నిండాయి. డాక్టరమ్మ రిపోర్టులన్నీ చూసి, "అంతా బావుందండి. మాత్రలు ఇక ఆపేయండి. ఏడాదికోసారి పరీక్షకి మాత్రం తప్పకుండా రావాలి" అంది.

వీరవేణి హమ్మయ్య అనబోయింది. సంచిలోని ఖాళీ మాత్రల అట్టను గట్టిగా పట్టుకుంది. చంద్రరావైతే బల్ల మీదికి వంగిపోయాడు.

"ఇంకో ఏడాది రాయండి డాక్టరుగారూ."

"అక్కర్లేదండి. అయినా మీ మొక్కు ఐదేళ్లకేగా?"

"మొక్కు గోల వదిలేయండి! స్వామికి నేను చెప్పుకుంటాను. ఆపేశాక మళ్లీ వస్తేనో?"

వీరవేణి విస్తుపోయి మొగుడి వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈయన భయమంతా స్వామంటేనే అనుకుంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయన ఆగిపోయాడు. వచ్చేపోయే జనం చూస్తున్నా లెక్కచేయకుండా భోరుమన్నాడు. "అప్పుడు ఆ మాత్ర చూస్తే జబ్బింకా ఉన్నట్టే అనిపించిందే. చూడలేక దాచేశాను. ఇప్పుడు మాత్ర లేదంటే కాలూ చెయ్యీ ఆడట్లేదు."

ఆ ఏడు రోజులకీ ఆమె దగ్గర బోలెడు తిట్లు మిగిలిపోయి ఉన్నాయి. వాటిని వదిలేసి కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.

"నాకూ భయంగానే ఉందండి," అంది ఆయన చెయ్యి పట్టుకుని. "పదండి, బస్సెళ్లిపోతుంది."