పదకొండో రోజు ఆకులు

ఈరోజు ఇంట్లో ఉన్నది నలుగురం. హాల్లో దర్భలు సర్దుకుంటున్న బాబాయి, ఆయన వెనకే తిరుగుతున్న వాళ్లమ్మ దుర్గాంబ మామ్మగారు, వంటింట్లో తడిచీరతో అరుంధతి పిన్ని, వెనక వరండాలో చాప మీద విడిగా నేను. తాతగారి తద్దినం. తెల్లవారుతూనే నాకు నెలసరి వచ్చింది. "ఇవాళే తగలడాలా నీకు?" అంది మామ్మగారు, నేనేదో కావాలని చేసినట్టు.

పిన్ని ఈ బెంగాలీల నగరంలో, బాలిగంజ్‌లోని ఒక ల్యాబ్‌లో వరి మీద పరిశోధన చేస్తుంది. పది రోజులుగా పన్నెండు వరి కుండీలకి నీళ్లు ఆపేసింది. "నీళ్లు పొయ్యకుండా కూర్చోడానికి కూడా జీతమిస్తారుటే?" అని మామ్మగారు నవ్వుతుంది. మా ఊళ్లో ఆకులు చుట్టుకుపోతే చేను పోయిందని ఏడ్చేవాళ్లం. అది చావు కాదని పిన్ని చెప్పాకే తెలిసింది. నేల ఎండుతోందని వేళ్లు కబురు పంపుతాయట. ఆకు తన సన్నటి రంధ్రాలు మూసుకుంటుంది. అన్నాళ్లూ ఊరికే ఉన్న జన్యువులు మేలుకుని, కణాలు పాడవకుండా కాపాడే ప్రోటీన్లను తయారు చేయిస్తాయి. ఏవి మేలుకున్నాయో తెలియాలంటే పదకొండో రోజు మధ్యాహ్నం ఆకు కోసి, ఆ క్షణంలోనే గడ్డకట్టించాలి. ఆలస్యమైతే ఆ జాడ చెరిగిపోతుంది, ఏడాది శ్రమా పోతుంది. పదకొండో రోజు ఇవాళే.

"రెండు గంటల్లో వెళ్లొచ్చేస్తాను" అని నిన్న పిన్ని బాబాయిని అడిగింది. "గడ్డి కోసుకోడానికి మా నాన్న తద్దినం వదిలేస్తావా?" అన్నాడు బాబాయి. పిన్ని తల వంచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇదివరకైతే ఓడిపోయిందనుకునేదాన్ని. పైకి ముడుచుకున్న ఆకు లోపల ఎంత పని చేస్తుందో ఆమే కదా నాకు చూపించింది!

ఇవాళ పదింటికి పిన్ని వరండా గడప దగ్గరికి వచ్చింది. మడిలో నన్ను ముట్టుకోకూడదు. ల్యాబ్ తాళంచెవి, బస్సు నంబర్లు రాసిన కాగితం నేల మీద పెట్టి వెనక్కి జరిగింది.

"ఈ ఇంట్లో ఇవాళ ఏ పనీ అంటని దానివి నువ్వొక్కదానివే. నాతో మూడుసార్లు కోశావు. పైనుంచి ఎన్నో ఆకు?"

"రెండోది. నాకు బెంగాలీ రాదు పిన్నీ."

"ఆకులకీ రాదులే. అక్కడ కూర్మయ్య ఉంటాడు, మన శ్రీకాకుళం వాడే. ఆకులు గడ్డకట్టించడానికి ద్రవ నైట్రోజన్ పోసిస్తాడు. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొస్తే గరియాహాట్‌లో దిగి నడిచెయ్."

చెప్పులేసుకుంటుంటే మామ్మగారు చూసింది. "ఎక్కడికే?"

వంటింట్లో పిన్ని గరిట ఆగిపోయింది. ఎప్పుడూ తల దించుకునే నేను ఆవిడ ముఖంలోకి చూశాను. "భోక్తలు వచ్చే వేళకి ఎదురుపడకుండా బయటికి పోతున్నానండీ."

"ఇప్పటికి బుద్ధొచ్చింది. సాయంత్రం దాకా కనపడకు" అంటూ ఆవిడే నా వెనక తలుపేసి, గడియ పెట్టింది.