ఆకుపచ్చ చీటీలు

కళ్యాణదుర్గం బస్టాండు వెనక సందులో హేమ కంప్యూటర్ సెంటర్ పెట్టి మూడేళ్ళయింది. టైపింగు నేర్చుకునే ఆడపిల్లలు, పరీక్షల ఫలితాలు చూసుకోవడానికి గుంపులుగా వచ్చేవాళ్ళు, వీళ్ళతోనే రోజు గడిచిపోయేది. తను చేసిన పనులన్నిట్లో ఆమె గర్వంగా చెప్పుకునేది ఒక్కటే, బోరునీళ్ళ పేజీ.

దాన్ని శ్రీరంగప్ప సారు కోసం రాసింది. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, నీళ్ళు పరీక్షించే చిన్న సంస్థ ఒకటి నడుపుతున్నాడు. ఊరూరూ తిరిగి బోర్ల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, ఫ్లోరైడ్ ఎంతుందో చూసి, ఆ ఊరికి చీటీ పంపుతాడు. ఆ సీమలో ఫ్లోరైడ్ అంటే చదువు రానివాళ్ళకూ తెలుసు. ఏ ఊరికి పోయినా గారపట్టిన పళ్ళు, వంగిపోయిన మోకాళ్ళు కనపడతాయి. హేమ రాసిన పేజీని కంప్యూటర్లో తెరిచి ఊరి పేరు, పరీక్షలో వచ్చిన అంకె కొడితే చాలు. అంకె ఒకటిన్నర దాటిందంటే కింద ఎర్ర కుండ బొమ్మ, దాని మీద కొట్టివేత, ‘తాగరాదు’ అన్న మాట. దాటకపోతే ఆకుపచ్చ కుండ, ‘తాగవచ్చు’. చదువురాని వాళ్ళకు బొమ్మే చాలు. సారు ఆ కాగితాన్ని ప్రింటు తీసి బోరు దగ్గర అంటించమని పంపేవాడు.

పేజీ తెరవగానే కింద ఖాళీగా ఉంటే బాగుండదని, మొదట్లోనే ఆకుపచ్చ కుండ కనపడేలా పెట్టింది హేమ. అంకె ఎక్కువైతే పేజీ లోపలున్న స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము దాన్ని తీసేసి ఎర్రకుండ తెస్తుంది. ఏడాది పాటు సక్రమంగా పనిచేసింది.

రెండువేల నాలుగు చివర్లో సెంటర్లో కంప్యూటర్లకు వైరస్ పట్టి ఒకదాని తర్వాత ఒకటి వాటంతటవే ఆగిపోయేవి. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో కొత్త సెక్యూరిటీ అప్‌డేట్ ఉంటే, అన్నిటికీ వేసింది. అదే ఊపులో సారు ఆఫీసుకు పోయి ఆ కంప్యూటర్‌కీ వేసింది. వారం తర్వాత సారు ఫోను చేశాడు.

“పాపా, మన పేజీ తెరిస్తే పైన పసుప్పచ్చ పట్టీ ఒకటి వస్తాండాది. ఇంగ్లీషులో ఏందో రాసుండాది. ఏం చేయల్ల?”

అప్పుడామె ముందు పాతికమంది నిలబడి ఉన్నారు.

“అది కొత్తగా వచ్చినదిలే సార్. పట్టించుకోవద్దు. గుణకారం గుర్తు నొక్కితే పోతాది.”

“సరే పాపా.”

అంతే. ఆ మాట ఆమె అప్పుడే మరిచిపోయింది.

మార్చి నెలలో సారు ఆఫీసు ప్రింటరు కాగితాలు నమిలేస్తోందని పిలిస్తే వెళ్ళింది. సారు టీ చెప్పడానికి బయటికి పోయాడు. ప్రింటరు విప్పి, ఇరుక్కున్న కాగితం లాగి, ఊరికే పక్కనున్న ఫైలు తిరగేసింది. నాలుగు నెలల చీటీల నకళ్ళు. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ. ఇంతకుముందు అయిదింట్లో ఒకటైనా ఎర్రది ఉండేది. ఒక చీటీ మీద అంకె చూసింది. మూడు పాయింట్ రెండు. దాని కింద ఆకుపచ్చ కుండ, ‘తాగవచ్చు’.

ఆమె వెంటనే కంప్యూటర్లో పేజీ తెరిచింది. పైన పసుపు పట్టీ. ఈసారి పూర్తిగా చదివింది. మీ భద్రత కోసం ఈ పేజీలో స్క్రిప్టును ఆపేశామని రాసుంది. తను వేసిన కొత్త అప్‌డేట్ పనే అది. అంకె కొట్టింది, కుండ రంగు మారలేదు. పట్టీ మీద నొక్కి అనుమతి ఇచ్చి మళ్ళీ కొట్టింది. ఎర్రకుండ వచ్చింది. ఆ అనుమతి ప్రతిసారీ అడగకుండా పేజీ మొదట్లో చేర్చాల్సింది ఒక్క వరుస. చేర్చింది. అయిదు నిమిషాల పని.

సారు తిరిగొచ్చేసరికి ఆమె ఫైలు ముందు పెట్టుకుని కూచుంది.

“సార్, ఈ చీటీలు తప్పుగా వచ్చినాయి. తొమ్మిది బోర్లు.”

సారు కళ్ళద్దాలు సవరించుకుని ఒక్కొక్కటీ చూశాడు.

“నా కండ్లకు శుక్లాలొచ్చినాయి పాపా. నేనే యాడో తప్పు నొక్కింటా. అంకె కళ్ళముందరే ఉండాది కదా, బొమ్మ చూసి సంచిలో పెట్టుకున్న్యా. పిల్లోళ్ళకు సైన్సు చెప్పినోణ్ణి!”

కాదు సార్, నేనే అని చెప్పాల్సిన చోటు అదే. నోటిదాకా వచ్చింది. కానీ హేమ, “ఇప్పుడు సరిగా చేసినా సార్” అని మాత్రం అంది. అని, టీ తాగకుండానే వచ్చేసింది.

రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. బోరునీళ్ళ పేజీ చూపించి ఎంతమందికి గొప్పలు చెప్పుకుందో గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో కుంగిపోయేది. మూడోనాడు సారు దగ్గర పనిచేసే మారెక్క సెంటర్‌కు వచ్చింది.

“సారు కంప్యూటర్ ముట్టనంటాండాడు పాపా. సంస్థ ఇంకెవరికన్నా అప్పజెప్తాడంట. రేపు గుమ్మఘట్ట పక్కకు పోయి, ఆ ఊరోళ్ళ ముందర తప్పు ఒప్పుకోని వస్తాడంట.”

మర్నాడు పొద్దున్నే షేర్ ఆటోలో సారు పక్కన ఎక్కి కూర్చుంది హేమ. ఎందుకొస్తున్నావని ఆయన అడగలేదు. ఆమే చెబుదామనుకుంటూ, చెనిక్కాయ పంట పీకేశాక బీడుపడ్డ పొలాలు చూస్తూ కూచుండిపోయింది.

ఊరి పేరు మారెమ్మదొడ్డి. బోరు కొళాయి పక్క గోడకు చీటీ అంటించి ఉంది. తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు కూడా కట్టారు. బయమ్మ అనే ముసలామె నీళ్ళు పడుతోంది. సారును చూసి చేతులు తుడుచుకుంది.

“మీ చీటీ వచ్చినాక మాకు పుణ్యం వచ్చినాది సామీ. ముందర రెండు మైళ్ళు పోయి చేలబావిలో నీళ్ళు తెచ్చుకుంటా ఉంటిమి. మా కోడలికి ఏడోనెల. దానికీ ఈ నీళ్ళే పోస్తాండాము.”

సారు నోరు తెరిచి, “అమ్మా, నా తప్పు...” అన్నాడు.

“సారు తప్పు కాదు” అంది హేమ. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. “ఆ చీటీ తయారుచేసే పేజీ రాసింది నేను. అది పాడుచేసింది నేను. సారు ఫోను చేసి అడిగితే పట్టించుకోవద్దన్నదీ నేనే. ఈ నీళ్ళు తాగేటివి కావు. మూడు రోజుల కిందనే నాకు తెలుసు. చెప్పకుండా ఉన్న్యా.”

సారు ఆమె వైపు తిరిగి చూశాడు. ఆయన చూపులో కోపం ఉండుంటే ఆమెకు బాగుండేది.

బయమ్మ బిందె కింద పెట్టింది. ఇంకో నలుగురైదుగురు పోగయ్యారు. కాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు, సగం తెలుగు, సగం కన్నడం. చివరికి బయమ్మే అంది.

“మాకు అక్షరం రాదు పాపా. బొమ్మ చూసి తాగినాము. నీకు చదువొస్తాది కదా, నువ్వెందుకు చదవలేదు?”

హేమ గోడ మీది చీటీ చించి, చేత్తో ఎర్రసిరాతో కొట్టివేసిన కుండ గీసి అంటించింది. తర్వాత బయమ్మ అడక్కపోయినా ఒక బిందె తీసుకుని ఆమె వెంట చేలబావికి నడిచింది. అలవాటు లేని నడుం. తిరిగొచ్చే దారిలో నిండు బిందెను రెండుసార్లు దించింది. బయమ్మ ఆగి చూసిందే గాని సాయం పట్టలేదు.

తిరుగు ఆటో ఊరు చేరింది.

దిగేటప్పుడు సారు, “మొన్ననే చెప్పింటే మూడు రోజుల నీళ్ళన్నా తప్పేవి” అన్నాడు. “అంతే. ఇంక మిగతా ఎనిమిది ఊర్లూ రేపు మొదలుపెడదాం.”

ఎనిమిది ఊళ్ళూ తిరిగారు. ప్రతి ఊళ్ళోనూ హేమే నిలబడి చెప్పింది. ఒకచోట తిట్టారు. ఇంకోచోట బోరు ఎప్పుడో ఎండిపోయిందని నవ్వారు. ఆ నవ్వుకు ఆమె ఊపిరి పీల్చుకుంది, పీల్చుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడింది. డాక్టరును అడిగితే నాలుగు నెలలకు ఎముకలు వంగిపోవులే అన్నాడు. కానీ ఆ కోడలి సంగతి గుచ్చి అడిగినప్పుడు, “మంచినీళ్ళు తాగించండి, చూద్దాం” అన్నాడు తప్ప ఇంకేం చెప్పలేదు.

పేజీని హేమ మొదట్నుంచీ మళ్ళీ రాసింది. ఇప్పుడు తెరవగానే కుండ ఉండదు. ‘ఇంకా తేలలేదు, తాగొద్దు’ అని మాత్రం ఉంటుంది. స్క్రిప్టు నడవకపోతే ఆ మాటే ప్రింటవుతుంది. చూడ్డానికి బాగుండదు.

మే నెలలో బయమ్మ కోడలికి ఆడపిల్ల పుట్టిందని మారెక్క చెప్పింది. బిడ్డ బాగుందా అని అడిగితే, “బాగుండాది, గట్టిగా ఏడుస్తాండాది” అంది. పోయి చూసొద్దామని హేమ రెండుసార్లు గుమ్మఘట్ట బస్సెక్కింది. రెండుసార్లూ మధ్యలోనే దిగిపోయింది.